కందకంలో మూడు మట్టి దిమ్మెలు

సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు అప్పుడప్పుడు రాజమండ్రిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మాస్టారూ, మీ అనుభవం మీద నాలుగు మంచి మాటలు చెప్పండి" అంటారు. మంచి మాటలు చెప్పడానికి పాస్టరు గారున్నారు. నా దగ్గరున్నవి తప్పులు. వాటిల్లో ఒకటి మాత్రం ఇన్నేళ్ళయినా అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తొస్తుంది. అది రాస్తాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నవి రాయను. అవి నాకే గుర్తులేవు, మీకెందుకు?

ఇప్పటి పిల్లల మీద నాకు కోపం లేదు. డ్రోను ఎగరేసి అరగంటలో ఊరంతా కొలిచేస్తారు, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ కొందరు కారు దిగకుండానే కొలిచేస్తున్నారు. అక్కడ మాత్రం నాకు చిర్రెత్తుకొస్తుంది. కొలిచే నేల మీద ఒక్కసారైనా చెప్పులు విడిచి నడవండ్రా బాబూ అంటే నవ్వుతారు. ఎందుకంటానో ఇది చదివితే తెలుస్తుంది.

గీత కొట్టు, చెరపకు

నేను ఖతర్ వెళ్ళింది తొంభైల మొదట్లో. అంతకుముందు గోదావరి కాలవల మీద ఒక కాంట్రాక్టరు దగ్గర నేల ఎత్తుపల్లాలు చూసే లెవెల్ మిషను భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి. ఖతర్‌లో మా కంపెనీది రోడ్ల పని. అల్ ఘర్రాఫాలో విల్లాల మధ్య కొత్త రోడ్లకు మార్కింగు, అల్ రయ్యాన్‌లో డ్రైన్లు. ఉండటం అల్ హిలాల్‌లో. ఒక గదిలో నలుగురం, అందరం కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళమే. శుక్రవారం పొద్దున మంచాలు గోడకు చేర్చి ఆ గదిలోనే ప్రార్థన పెట్టుకునేవాళ్ళం.

నా మొదటి బాస్ శ్రీలంక ఆయన. అందరం అంకుల్ అనేవాళ్ళం. చేరిన రెండో రోజు నా ఫీల్డ్ బుక్ తెరిచాడు. రీడింగులు ఎక్కడివక్కడ రాసుకునే పుస్తకం అది. అందులో ఒక అంకె రబ్బరుతో చెరిపి మళ్ళీ రాసి ఉండటం చూశాడు. నా జేబులోంచి రబ్బరు తీసి కారు కిటికీలోంచి బయటికి విసిరేశాడు. "తప్పు రాస్తే గీత కొట్టు. పక్కన ఒప్పు రాయి. కింద ఉన్న తప్పు కనబడుతూనే ఉండాలి. చెరిపిన పుస్తకాన్ని ఎవడూ నమ్మడు" అన్నాడు.

మంచి బాస్ అని మాత్రం చెప్పలేను. ఎండలో మాడ్చేవాడు, సెలవడిగితే తన ఆస్తి అడిగినట్టు మొహం పెట్టేవాడు. కానీ ఆ ఒక్క ముక్క నా ఉద్యోగం మొత్తానికి సరిపోయింది. నేర్చుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది గానీ పాటించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

లేని కోట

అంకుల్ రిటైరై వెళ్ళిపోయాక, ఒక చలికాలం మా మేనేజరు పిలిచి "సామేల్, నీకు పిక్నిక్" అన్నాడు. మేనేజరు కేరళ మనిషి, కటువుగా మాట్లాడినా పని తెలిసినవాడు. ఉత్తరాన సముద్రం ఒడ్డు దాకా రోడ్డు వెయ్యాలట. దారిలో పాత కోట ఒకటి ఉందట. దాని హద్దులు కొలిచి ప్లాను గీసిస్తే రోడ్డు ఆ హద్దు తప్పించి పోతుంది. పాత కట్టడాల సంగతి చూసేది జోర్డాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. అందరూ దక్తూర్ అనేవారు, అరబ్బీలో డాక్టరు అని. ప్లాను ఆయన చేతికివ్వాలి.

కోట అనగానే నేను మన కొండపల్లి కోటలాంటిది ఊహించుకుని, కెమెరా కూడా పట్టుకెళ్ళాను. తీరా చూస్తే అక్కడేమీ లేదు. నడుమెత్తు మట్టి దిబ్బ ఒకటి నలుచదరంగా ఉంది. దాని మీద అక్కడక్కడా రాళ్ళు. కొన్ని వందల ఏళ్ళ కిందట రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, వానకీ గాలికీ కరిగి కూలబడి అలా మిగిలాయి. దూరంగా తెల్లటి ఉప్పునేల, దాని వెనక సన్నగా సముద్రం. ఫోటో తియ్యడానికి కూడా మనసు రాలేదు.

నాతో పంపింది ఒకే ఒక్క హెల్పరుని. పేరు ఓబులేసు. నాకంటే పదేళ్ళు పెద్ద. కదిరి పక్కన పల్లెటూరు. చెరువులు తవ్వడం, కట్టలు పొయ్యడం తాతముత్తాతల నుంచి వాళ్ళ పని. వాళ్ళ వాళ్ళలో సముద్రం దాటిన మొదటి మనిషి ఆయనే. వచ్చి ఏడు నెలలైంది. ఊళ్ళో మొదలుపెట్టిన ఇంటికి గోడలు లేచాయి గానీ పైకప్పు పడలేదు. భార్య లచ్చుమమ్మ ఆ గోడల మధ్యే ఒక మూల రేకు వాల్చుకుని ఉంటోంది.

"ఊరందరికీ గోడలు ఎత్తినా సారూ. మా ఆడమనిషి మాత్రం చుక్కలు చూసుకుంటా పండుకుంటాది" అని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వేవాడు గానీ, ఊళ్ళో వానలు పడ్డాయని ఉత్తరం వస్తే ఆ రోజంతా నోరు విప్పేవాడు కాదు. ఆ పైకప్పు కోసమే ఆయన అక్కడున్నాడు.

అరికాలికి తెలిసింది

మొదటి రెండు రోజుల్లో పని అవగొట్టేశాను. నేలని గళ్ళు గళ్ళుగా విడదీసి, పది మీటర్లకొక చోట ఓబులేసు చేత కొలబద్ద నిలబెట్టించి ఎత్తు రాసుకుంటూ పోయాను. దిబ్బ ఎత్తు వచ్చింది. దిబ్బకు బయటంతా చదును. 'దిబ్బ అంచే కోట హద్దు' అని రాసుకున్నాను. చేతులు దులుపుకుని ఇంటికి పోవడమే తరువాయి.

మూడో రోజు పొద్దున సామాను సర్దుతుంటే ఓబులేసు చెప్పులు విడిచి దిబ్బ చుట్టూ నడుస్తున్నాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ అటు వెళ్ళాడు.

"సారూ, ఈడ ఎవురో తవ్వినారు. మళ్ళా పూడిపోయింది."

"ఎడారి ఓబులేసూ. ఇక్కడెవడు తవ్వుతాడు?"

"మీ మిషను సంగతి నాకు తెలీదు. కాలికి తెలుస్తా ఉండాది. ఆడ గట్టి నేల, ఈడ పోసిన మన్ను."

నేను నవ్వాను. ఆయన నొచ్చుకోలేదు. మేం తాగే నీళ్ళ క్యాను తెచ్చి గట్టి నేల మీద ఒక గ్లాసుడు పోశాడు. నీళ్ళు కాసేపు నిలిచాయి. నాలుగడుగులు ఇవతలికి వచ్చి ఇంకో గ్లాసు పోశాడు. నీళ్ళు చప్పున ఇంకిపోయాయి. "ఇప్పుడు ఇట్ల కూసోని చూడండి" అని నన్ను నేల మీద కూర్చోబెట్టాడు. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. ఆ ఏటవాలు ఎండలో, దిబ్బ చుట్టూ సన్నటి నీడ గీత కనబడింది. నిలబడితే లేదు, కూర్చుంటే ఉంది. అది కోట చుట్టూ తవ్విన కందకం. ఆరేడు మీటర్ల వెడల్పు. నా పది మీటర్ల గళ్ళ మధ్యలోంచి, వల కన్నంలోంచి పరిగెపిల్ల జారిపోయినట్టు జారిపోయింది.

ఓబులేసు చెప్పకపోతే రోడ్డు సరిగ్గా దాని నెత్తి మీంచి పోయేది.

ఆ సాయంత్రమే ఒక పేజీ నోటు రాసి దక్తూర్‌కి పంపాను. 'దిబ్బ చుట్టూ కందకం ఉన్నట్టు నేను గమనించాను' అని రాశాను. ఓబులేసు పేరు లేదు. హెల్పర్ల పేర్లు రిపోర్టుల్లో రాసే అలవాటు ఎక్కడా లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. ఆ పెద్దాయన నన్ను మెచ్చుకోవాలనిపించింది, అంతే. ఆయన మెచ్చుకున్నాడు కూడా. శనివారం స్వయంగా వచ్చి చూస్తానని కబురు పంపాడు.

కొలత అయిపోయింది

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని మీటరుకొక రీడింగు తీస్తూ కందకం పొడవునా కొలిచాను. గురువారం నాటికి కోట వాకిలి వైపు వచ్చాం. అక్కడ మాత్రం కందకం కాస్త లోతుగా మిగిలింది. మధ్యలో వరసగా మూడు మట్టి దిమ్మెలున్నాయి, మోకాలెత్తు, మొదట్లో కూలిన మట్టే అనుకుని నేను వదిలేసినవి. అవేమిటో నాకు అర్థం కాలేదు. ఒక్కోదానికి పైన ఒకటి, నాలుగు పక్కలా నాలుగు రీడింగులు తీసుకున్నాను. ఓబులేసు మాత్రం వాటిని చూసి, సొంతూరి మనిషి ఎదురైనట్టు మొహం నిండా నవ్వాడు. ఎందుకు నవ్వాడో నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మన దగ్గర చెరువో కాలవో తవ్వేటప్పుడు, గోతి మధ్యలో అక్కడక్కడా మట్టి దిమ్మెలు తవ్వకుండా వదులుతారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో, ఎంత లోతు తవ్వారో వాటిని చూసి కొలుస్తారు. వాటిని సాక్షులంటారు. కొలిచేవాడు వచ్చి కొలిచి, అయిపోయింది అన్నాక వాటిని కూడా కొట్టేస్తారు. కొట్టెయ్యకుండా వదిలిపోతే పని సగంలో వదిలినట్టే, మట్టిపని వాళ్ళకు అది నామోషీ. ఇది నాకు తెలియనిది కాదు. కాలవల మీద నేనే ఎన్నోసార్లు కొలిచి, 'అయిపోయింది, సాక్షి కొట్టెయ్' అన్నవాణ్ణి.

ఆ గురువారం మధ్యాహ్నం పుస్తకం మూసి, "కొలత అయిపోయింది ఓబులేసూ. అంతా శుభ్రం చేసి ఉంచు, డీజిల్ పోయించుకొస్తా" అని పికప్ తీసుకుని వెళ్ళాను. నా ఉద్దేశం, నేలలో దిగ్గొట్టిన మేకులూ దారాలూ తియ్యమని. బంకు చాలా దూరం. టీ కూడా తాగి గంటన్నరకి తిరిగొచ్చాను.

మేకులు కట్ట కట్టి ఉన్నాయి. దారాలు ఉండలు చుట్టి ఉన్నాయి. దిమ్మెలు లేవు. ఓబులేసు పార పక్కన పెట్టి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. పని బాగా చేసిన మనిషి నిలబడే తీరుగా నిలబడ్డాడు.

"సాక్షులు తీసేసినా సారూ. అడుగున రాయి తగిలింది, ఆడికి నిలిపినా."

"నీకెవరు చెప్పార్రా తవ్వమని?" అని అరిచాను. అంతవరకూ ఆయన్నెప్పుడూ 'రా' అనలేదు.

ఆయన మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా పోయింది. అదే నాకు ఇప్పటికీ గుర్తు.

"మీరే గదా సారూ, కొలత అయిపోయిందన్నారు."

రబ్బరు

సాయంత్రం అల్ రయ్యాన్ ఆఫీసులో మేనేజరు అంతా విని తలపట్టుకున్నాడు. తరవాత రెండు దారులు చెప్పాడు.

"ఒకటి, ఆ మూడు దిమ్మెల రీడింగులు పుస్తకంలోంచి చెరిపెయ్. దక్తూర్ వాటిని చూడలేదు, నీ నోటులో అవి లేవు. ఖలాస్. రెండోది, హెల్పరు తన ఇష్టానికి తవ్వాడని రాయి. టికెట్ కొని వాణ్ణి పంపేస్తాను. ఏదో ఒకటి శనివారంలోగా తేల్చు. నిజం చెప్పి పెద్ద గొడవ చేశావంటే ఇద్దరూ పోతారు."

టేబుల్ సొరుగులోంచి కొత్త రబ్బరు తీసి నా చేతిలో పెట్టాడు. నేను జేబులో వేసుకున్నాను. పారెయ్యలేదు, వద్దనలేదు. నాకూ ఇంటి దగ్గర మనుషులున్నారు, నాకూ ఉద్యోగం కావాలి. భయపడ్డానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గులేదు. అప్పుడు ఉండేది.

శుక్రవారం ప్రార్థనలో అందరూ పాడుతున్నారు, నేను జేబులో రబ్బరు తడుముతూ కూర్చున్నాను. అయ్యాక తలుపు తీస్తే మెట్ల దగ్గర ఓబులేసు నిలబడి ఉన్నాడు. క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఎవరు చెప్పారో గానీ సంగతంతా తెలిసినట్టుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"సారూ, నా పేరే చెప్పండి."

"ఏమని?"

"నేనే తవ్వినానని. అబద్ధం కాదు గదా, తవ్వింది నేనే. నేను పోతే ఇంకొక హెల్పరు వస్తాడు. మీరు చదువుకున్నోళ్ళు, మీకు చెడ్డపేరు రాకూడదు."

"ఇంటి పైకప్పు సంగతేంటి మరి?"

ఆయన మెట్ల వైపు చూశాడు. "మా నాయన వొంద చెరువులకు పని చేసినాడు సారూ. గుడిసెలోనే పోయినాడు. మాకు అలవాటే." తగ్గు గొంతుతో అన్నాడు. "అవి సాక్షులు కాదని నాకు తెలీదు సారూ. తెలిసుంటే ఎవురో కట్టుకున్నది నా చేతుల్తో పడగొడతానా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవలేక, టీ తెస్తానని లోపలికి వెళ్ళి స్టవ్ దగ్గర నిలబడ్డాను. కందకం కనిపెట్టినప్పుడు నేను. దిమ్మెలు పోయినప్పుడు ఓబులేసు. నా నోటులో రాసిందీ, మేనేజరు రాయమన్నదీ కలిపితే వచ్చే లెక్క అదే. అది నా చేతిరాతలోనే ఉంటుంది. టీ పట్టుకొచ్చేసరికి నాకు భయం పోలేదు గానీ, ఏం చెయ్యాలో తెలిసింది.

శనివారం

దక్తూర్ పొద్దున్నే వచ్చాడు. తెల్ల గడ్డం, చేతికర్ర. మేనేజరు కూడా వెంట వచ్చాడు. నన్ను చూసి కళ్ళతోనే, అయిందా అని అడిగాడు. నేను ఓబులేసుని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను.

"సార్, ఈ కందకం నేను కనిపెట్టలేదు. నా నోటులో అబద్ధం రాశాను. కనిపెట్టింది ఈయన, అరికాలితో. ఇక్కడ మూడు దిమ్మెలుండేవి. అవి ఇప్పుడు లేవు. నా మాట మీద తవ్వారు. మా దేశంలో ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలిసి కూడా అనేశాను. తప్పు నాది."

అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని. మేనేజరు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాయన కందకం గట్టు మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే, అయినవాళ్ళ చావు కబురు విన్న మనిషిలా ఉంది. తిట్టినా బాగుండేది. ఆ తరవాత చెయ్యి చాపి పుస్తకం అడిగాడు. పేజీలు తిప్పి ఆ పదిహేను రీడింగులూ చూశాడు. ఒకచోట నేను అంకె తప్పు రాసి గీత కొట్టి పక్కన ఒప్పు రాసింది ఉంది. దాని మీద వేలు పెట్టి, "చెరపలేదు" అన్నాడు. "లేదు సార్" అన్నాను. జేబులో రబ్బరు రాయంత బరువుగా ఉంది.

"యా అఖీ, ఎంత వరకు తవ్వావో చూపించు" అని ఓబులేసుని పిలిచాడు. యా అఖీ అంటే ఓ సోదరా అని. నేను తెలుగులో చెప్పాను. ఓబులేసు కందకంలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, వదులుగా ఉన్న ఇసకని రెండు చేతులతో పక్కకు తోశాడు. అడుగున రాళ్ళు బయటపడ్డాయి. నాలుగు పలకలుగా పేర్చినవి, ఒక్కటి కూడా కదల్లేదు. ఎక్కడా పార దెబ్బ లేదు. మిగతా రెండు చోట్లా అంతే. కోటలోకి నడిచే వంతెన ఆ మూడు దిమ్మెల మీదే నిలబడేదట. దక్తూర్ తనూ కర్ర పక్కన పడేసి దిగాడు. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకుండా, ఆ రాళ్ళని చేత్తో తుడుస్తూ ఉండిపోయారు.

లేచి వచ్చాక దక్తూర్ నాతో అన్నాడు. "పైభాగం పోయింది. అది ఇంక నీ పుస్తకంలోనే ఉంది. ప్లానులో గియ్యి. పక్కన ఎలా పోయిందో కూడా రాయి." మేనేజరు వైపు తిరిగి, "ఈ మనిషిని పంపకండి. ఈ చలికాలం నాకు కావాలి. రాయి తగలగానే ఆగే చెయ్యి దొరకడం కష్టం" అన్నాడు.

అలా ఓబులేసు అక్కడే ఉండిపోయాడు. నన్ను మాత్రం మళ్ళీ అల్ ఘర్రాఫాకి పంపి, రెండేళ్ళు ఫుట్‌పాత్ రాళ్ళు కొలిపించారు. మేనేజరు ఏడాది దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకీ పైవాళ్ళున్నారు. ప్లానులో మాత్రం మూడు దిమ్మెలూ గీశాను. పక్కన 'సర్వేయరు పొరపాటు వల్ల తొలగించబడినవి' అని రాసి నా పేరు పెట్టాను. కందకం దగ్గర, 'గుర్తించినవారు ఓబులేసు' అని రాశాను. నా ఉద్యోగం మొత్తంలో నేను గీసిన మంచి ప్లాను అదే.

కదిరి దగ్గర

రిటైరయ్యాక కాళ్ళు ఊరుకోక, ఒకసారి ఓబులేసు ఊరు వెళ్ళాను. బస్సు దిగి అడిగితే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించారు. పెంకులతో పైకప్పు, ఎర్రగా, నిండుగా ఉంది. లచ్చుమమ్మ చాప పరిచి, "ఈయప్పేనా నీతో తప్పు చేపిచ్చిన సారు?" అని అడిగింది. "ఈ సారే" అని ఓబులేసు నవ్వాడు. పళ్ళు చాలా ఊడిపోయాయి. నవ్వు మాత్రం అప్పటిదే.

ఇంటి వెనక, గోడలకోసం మట్టి తీసిన గొయ్యి ఉంది. ఇప్పుడు దాంట్లో పచ్చగడ్డి, రెండు మేకలు. గొయ్యి మధ్యలో నడుమెత్తు మట్టి దిమ్మె ఒకటి నిలబడి ఉంది. వానకి కరగకుండా దాని నెత్తిన పాత పెంకులు బోర్లించారు.

"ఇదేంటి, ఇంకా కొట్టెయ్యలేదా?" అన్నాను.

"కొలిచేటోళ్ళు రాలేదు గద సారూ" అన్నాడు. "సారు వచ్చి చూసేదాకా దీన్ని ముట్టగాకండని ఇంట్లో అందరికీ చెప్పినా. వీళ్ళంతా నాకు పిచ్చి అనుకున్నారు."

నేను గోతిలోకి దిగాను. టేపు లేదు. జానలు వేసి కొలిచాను, పైనుంచి కింది దాకా. ఓబులేసు ఎదురుగా చేతులు కట్టుకుని, పాత రోజుల్లో కొలబద్ద పట్టుకున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. లచ్చుమమ్మ గట్టు మీద పార పట్టుకుని ఉంది.

"అయిపోయిందా సారూ? కొట్టేద్దునా?" అని ఓబులేసు అడిగాడు.

"వద్దు ఓబులేసన్నా," అన్నాను. "ఉండనీ."